గంటన్నరలో వస్తానన్న మాట

విమానం ఆలస్యం కాలేదు. రెండేళ్లుగా ఇక్కడ సూరత్ గోడాదరాలో మా వాళ్లందరికీ నేను చెబుతున్నది అబద్ధం.

అక్క పోయిందని బావ పొద్దున ఆరింటికి ఫోన్ చేశాడు. సూరత్‌లో మగ్గాల మీద బతికే మాకు ఊరి నుంచి చావు కబురొస్తే అనే మాట ఒకటే: "మేమొచ్చేసరికి రేపైతది, మా కోసం ఆపకుండ్రి." రైల్లో అంత దూరం మరి. ఆ రోజు నేను ఆ మాట అనలేదు.

"విమానంల వస్తున్న బావా. గంటన్నర. నేనొచ్చేదాక ఎత్తొద్దు" అన్నాను.

అప్పటిదాకా విమానం ఎక్కిన మొహం కాదు నాది. ఎవరో హైదరాబాదుకు గంటన్నర అంటే, నా గడప నుంచి అక్క గడప దాకా అంతే అన్నట్టు కోతలు కోశాను.

తొమ్మిదింటి విమానంలో సీట్లున్నాయి. నేను రెండింటిది తీసుకున్నాను. చీర కోసం. ముత్తైదువగా పోయిన ఆడబిడ్డ మీద పుట్టింటి చీర కప్పాలి. తేవాల్సింది తమ్ముడినైన నేనే.

"ఊళ్లె గూడ దొరుకుతది గద, జల్ది పో" అంది నా భార్య.

"సూరత్ల ఉండి ఊళ్లె కొనాల్నా? ఇజ్జత్ ఉంటదా?" అని కసిరాను.

ఇరవై ఏళ్లు ఈ ఊళ్లో గుడ్డ నేసి, బతికుండగా అక్కకు ఒక్క చీర పెట్టలేదు. ఆ రోజు మాత్రం మార్కెట్ తెరిచేదాకా షట్టర్ ముందు నిలబడ్డాను. మూడు దుకాణాలు తిరిగి, అంచు బాలేదని, జరీ పలచనని వంకలు పెట్టాను. అక్కడ అక్కను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు.

విమానం చెప్పిన టైముకే దిగింది. అక్కడి నుంచి ఊరు రోడ్డు మీద ఇంకా నాలుగు గంటలు. తెలియక కాదు, లెక్కలోకే తీసుకోలేదు.

నేను పోయేసరికి చితి కూలిపోయి ఉంది. పొద్దు గూకేదాకా బావ ఎవరినీ ముట్టనివ్వలేదట. చీకటిపడితే ఎట్లా అని పెద్దలు పోరుపెడితే ఎత్తారట.

"గంటన్నర అంటివి గద బామ్మర్దీ" అన్నాడు. అంతే అన్నాడు.

చీర ఆయన కాళ్ల మీదికి విసిరికొట్టాను. "పెండ్లాం మీద గీ మాత్రం ప్రేమ లేదా? జర ఆగకపోయినవా?" అని ఊరందరి ముందు అరిచాను. ఆ దొంగ కోపం గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. సూరత్ తిరిగొచ్చి, విమానం లేటైందనీ, కొంచెం ఆగమంటే బావ ఆగలేదనీ చెప్పుకున్నాను.

వచ్చే నెల మేనకోడలి పెళ్లి. మొన్న ఆదివారం మా వాళ్లు నా ఇంట్లో కూర్చుని, "నిన్ను గంత అవమానం జేసినోని ఇంటికి మేమెవ్వరం పోం" అన్నారు. నాకు ఒళ్లు మండింది, వాళ్ల మీద కాదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"మరి రెండేండ్ల సంది ఆయనను ఎందుకు బద్నాం జేస్తివిరా?" అన్నాడు నా పక్క మగ్గం పెద్దాయన.

వాళ్ల ముందే బావకు ఫోన్ చేశాను. "తప్పు నాది బావా. అందరికీ చెప్పిన. పెండ్లికి వస్త."

బావ ఒకటే అడిగాడు, "ఎన్నింటికల్ల వస్తవ్?"

"రెండు రోజుల ముందే వస్త. రైల్ల."