మెల్లకన్ను

మా వదిన సూర్యాపేటలో ఫొటోలు చూసి మనుషుల బొమ్మలు గీసి బతికేది. గిరాకీ తెచ్చే పని నాది, పోగొట్టే పని ఆమెది.

ఒకసారి మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని ఒకాయన, చనిపోయిన తన తల్లి బొమ్మ గీయించమన్నాడు. "అమ్మకు మెల్లకన్నుండె. గది జర సక్కగ చేసి గీయమనుండ్రి," అన్నాడు. వదినకు నొక్కి చెప్పాను. ఆమె ఎప్పటిలాగే కుంచెను కొంగుకు తుడుస్తూ, "సూద్దాం తియ్యి," అంది.

బొమ్మ మీది గుడ్డ తీయగానే ఆయన మొహం మాడిపోయింది. మెల్లకన్ను అట్లాగే ఉంది. బొమ్మను వదిలేసి వెళ్లిపోయాడు.

"గింతంత కన్ను తిప్పితే నీ సొమ్మేం పోతదొదినా?" అని అరిచాను.

"తిప్పితే ఆమె ఎవలో అయితది. ఎవలో ముసలామెను నేనెందుకు గియ్యాలె?" అంటూ ఆ బొమ్మను మా ముందుగదిలోనే తగిలించింది. ఎవరి తల్లో చూస్తుండగా మేం అన్నాలు తినేవాళ్లం.

కొన్నాళ్లకు గరిడేపల్లి నుంచి ఆయన అక్క వచ్చింది. బొమ్మ ముందు నిలబడి, "అమ్మా, నన్ను సూస్తున్నవా, తమ్ముణ్ని సూస్తున్నవా?" అని నవ్వబోయి ఏడ్చేసింది. దాన్ని గుండెకు హత్తుకుని తీసుకుపోయింది.

ఇక వదినను పట్టేదెవరు? ఆ సాయంత్రమే, చనిపోయిన తండ్రి బొమ్మ అడిగిన కోదాడ గిరాకీకి తానే ఫోన్ చేసి, "మీ నాయినకు పండ్లు ఎత్తుగుండెనా?" అని ఆశగా అడుగుతుంటే విని తల పట్టుకున్నాను.