గీత మీద చెయ్యి

కరీంనగర్‌లో నా ఉద్యోగం. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికా ఫుట్‌బాల్ చూడటమే పని. పేరుకే ఫుట్‌బాల్, కోలగా ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని ఉరుకుతారు. బంతిలో చిప్పు, ఆటగాళ్ల భుజాల మీద చిప్పులు. మీద పదిమంది పడి ఉన్నా, బంతి గీత దాటిందో లేదో రెఫరీకి చిప్పు చెబుతుంది. అది సరిగ్గా చెప్పిందో లేదో వీడియోను కొంచెం కొంచెంగా జరుపుతూ మేం చూడాలి. కొత్తలో నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వూ రాదు, విసుగూ రాదు.

ఒకప్పుడు నేనూ ఆడాను, కబడ్డీ. అప్పుడు మా నాన్న, మా బాపు, బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గెలిస్తే రాష్ట్ర జట్టు ఎంపికకు పోతామనే మ్యాచ్‌లో చివరి కూత నాది. నలుగురు మీద పడ్డా పాక్కుంటూ వచ్చి నడిమి గీతను వేళ్లతో తాకాను. తాకితే ఆ నలుగురూ ఔట్, గెలుపు మాది. తాకలేదన్నాడు రెఫరీ. గొంతు చించుకుని అరిచాను. ఎవరు వింటారు? ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఓడిన వాళ్లంతా ఇలాగే అంటారని, ఇక ఆట బంద్ అని తేల్చేశాడు. రెఫరీ మీద కోపం తొందరగానే పోయింది. బాపు మీది కోపం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొన్న, అప్పట్లో నాతో ఆడిన స్నేహితురాలు, పాత ఫోన్‌లో దొరికిందని ఆ మ్యాచ్ వీడియో పంపింది. ఆఫీసు అలవాటు కొద్దీ కొంచెం కొంచెంగా జరుపుతూ చూశాను. విజిల్‌కు ముందే నా వేళ్లు గీత మీదున్నాయి. రెఫరీకి ఎదురుగా ఆ నలుగురి వీపులు అడ్డం, పాపం ఆయనకెలా కనిపిస్తుంది? ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చాయ్ తాగి మళ్లీ అమెరికా వాళ్ల బంతి ముందు కూర్చున్నాను.

ఆదివారం ఇంటికి పోయి బాపుకు ఆ వీడియో పెట్టిచ్చాను. రిటైరయ్యాక ఆయనకు చూపు మందగించింది. ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం జరిపాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నాకేం కనవడ్తలేదు. ఏమున్నదో నువ్వే చెప్పు బిడ్డా."

"నా చెయ్యి గీత మీదున్నది బాపూ. విజిల్ కంటె ముందుగాలనే."

బాపు ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"గీ ముచ్చట నువ్వు గప్పుడే చెప్పినవ్ గదా."

"చెప్పిన," అన్నాను.