రఖమాబాయి గడ్డం

నాందేడ్‌లో మా గల్లీ పసిపిల్లలందరికీ నీళ్లు పోసేది రఖమాబాయి. పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాస్తుంది. తర్వాత శనగపిండి ముద్దతో ఒంటి మీది నూగంతా ఊడేలా రుద్దుతుంది. వేరేవాళ్లు రుద్దితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చే పిల్లలు ఈవిడ దగ్గర కిక్కురుమనరు. "నా చెయ్యి గసొంటిది," అంటుంది రఖమాబాయి. ఆ మాట వినని ఇల్లు మా గల్లీలో లేదు. వినీ వినీ నాకైతే విసుగొచ్చేది.

ఊరి పిల్లల ఒళ్లన్నీ నున్నగా చేసే ఈ మనిషి గడ్డానికి మాత్రం గుత్తిగా తెల్ల వెంట్రుకలు. ఎవరైనా అంటే, "ఉండనియ్, అన్నమేమన్న అడుగుతున్నయా?" అనేది.

మనవరాలు సోనాలి బ్యూటీ పార్లర్‌లో పని నేర్చుకుంటోంది. ఆ పిల్ల నిశ్చితార్థానికి బిలోలి నుంచి అబ్బాయివాళ్లు వస్తున్నారు.

"ఫోటోలల్ల నీ గడ్డమే ముందు కనవడ్తదవ్వా. జర కూసో," అంటూ సోనాలి దారం తీసింది.

ఒక్కో వెంట్రుక ఊడినప్పుడల్లా ముసలామె రాబోయే వియ్యంకుల్లో ఒక్కొక్కరిని తిట్టింది. అయినా అద్దంలో చూసుకుని మురిసిపోయింది. ఫోటోలు బాగానే వచ్చాయి, కాదనను.

మర్నాడు రఖమాబాయి బట్టల దుకాణం అభయ్ ఇంటికి నీళ్లు పోయడానికి వెళ్లింది. అతని పసికూతురికి అయిదో నెల. అభయ్‌కి ముప్పై దాటకుండానే నెత్తి బయటపడింది. ఆ కసికొద్దీ గడ్డం గుబురుగా పెంచాడు. రఖమాబాయి కనబడితే చాలు, "పోరగాండ్లకు జుట్టు మొలిపిస్తవు గద, నాకు గూడ జర రుద్దవ్వా," అని తల వంచుతాడు.

ఆ పొద్దు ముఖం కడగడానికి ఆమె వంగగానే, పాప అలవాటుగా చెయ్యి చాపి గడ్డం తడిమింది. ఏమీ దొరకలేదు. ఇంకోసారి తడిమి, గుక్కపట్టి ఏడుపు మొదలుపెట్టింది. రఖమాబాయి పాట ఎత్తుకుంది, చన్నీళ్లు కలిపింది, మెల్లగా రుద్దింది. ఏడుపు ఆగలేదు. పక్కింటివాళ్లు తొంగిచూశారు.

పాప తల్లి సాయలి ముఖం మాడ్చుకుని, "రేపటికెల్లి నేనే పోసుకుంట తియ్, అవ్వా," అంది.

ఈ సంగతి గల్లీలో తెలిస్తే ముసలామె పేరు మట్టిలో కలిసినట్టే.

"అభయ్, ఇటు రా! వంగు!" అని కేక వేసింది.

దుకాణానికి బయల్దేరినవాడు వచ్చి వంగాడు. పాప ఆ గడ్డాన్ని రెండు చేతులా దొరకబుచ్చుకుని టక్కున ఏడుపు ఆపేసింది. ఇప్పుడు అరవడం అభయ్ వంతయింది.

"కదల్తే సూడు!" అని గద్దించి రఖమాబాయి స్నానం పూర్తి చేసింది. సాయలి నవ్వలేక చచ్చింది. "రేపు గూడ రా అవ్వా. ఈయనను నేను పట్టుకుంట," అంది.

ఇంటికి రాగానే సోనాలి ఆత్రంగా అడిగింది. "కొత్త మొకం సూసి ఏమన్నరవ్వా?"

రఖమాబాయి నవ్వబోయింది. నవ్వు సగంలోనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగానే బాధపడింది పాపం.

"గడ్డం పోతే పోయింది పిల్లా. ఇన్నేండ్ల సంది నా చెయ్యే మంచిదని గల్లీ అంత చెప్పుకుంట తిరిగిన గదనే!"