బగారన్నంలో అరుదైన జాతి

ఉద్యోగం కొత్తలో మనిషికి తెలివి తక్కువగానూ, బాధ్యత ఎక్కువగానూ ఉంటుంది. ఎర్రమంజిల్‌లో ఒక పరిశోధన ఆఫీసులో తాత్కాలిక సహాయకుడిగా చేరిన ఆ రోజుల్లో, నేను లేకపోతే అడవులు మోడైపోతాయని గట్టిగా నమ్మేవాణ్ణి. రాతిపువ్వులను వెతకడం మా పని. (అవును, మసాలాలో వేసేదే. శిలీంధ్రమూ నాచూ కలిసి చెట్టు బెరడు మీద కాపురం పెడితే అది తయారవుతుంది.) వాటిలో అంతరించిపోతున్న జాతి ఒకటి, ఆరు నెలలు కొండలెక్కితే అరచేతిలో పట్టేంత దొరికింది. మా మేడం దాన్ని కాగితం పొట్లంలో పెట్టి నా చేతికిచ్చారు. "ఆఫీసు కప్పు కారుతోందబ్బాయ్. ఈ రెండు రోజులూ మీ ఇంట్లో పొడిగా ఉన్నచోట దాచు. ఇది పోతే నీ ఉద్యోగం కూడా పోయినట్టే" అన్నారు.

పంజాగుట్టలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. వానాకాలంలో ఆ ఇంట్లో పొడిగా ఉండే చోటు ఒక్కటే, వంటింట్లో మసాలా డబ్బాల అర. పొట్లం అక్కడ భద్రం చేసి, అడవికొచ్చిన ముప్పుల గురించి అత్తకు గంటసేపు ఉపన్యాసమిచ్చాను: చెట్ల నరికివేత, బండ్ల పొగ, మసాలా కోసం బెరడుతో సహా గీకేసేవాళ్లు. అత్త "అయ్యో పాపం" అంది. (పొట్లం సంగతి తప్ప అన్నీ చెప్పాను.)

ఆదివారం చర్చిలో ప్రేమవిందు. అత్త వండిన బగారన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. చేతులు కడుక్కుంటూ, "ఇయ్యాల మస్తుగున్నదత్తా" అన్నాను.

"ఎందుకుండదురా! డబ్బాల పత్తర్ కా ఫూల్ అయిపోయింది. ఎన్నడూ ఇంటి సామాన్ తేనోడివి, నువ్వే తెచ్చిపెట్టినవని సంబురమైంది. గా పొట్లం సుత మొత్తం ఏసిన."

పత్తర్ కా ఫూల్ అంటే మా రాతిపువ్వే. సోమవారం పొద్దున్నే అమీర్‌పేట కిరాణా కొట్టుకు పరుగెత్తి, రాతిపువ్వు కొని, పొట్లం కట్టి, మొహాన ధైర్యం పులుముకుని మేడం ముందు పెట్టాను. ఆవిడ భూతద్దంలోంచి చూశారు.

"ఏంటబ్బాయ్, మన రాతిపువ్వుకి లవంగం కాసిందా?"

"తినేశాం మేడం" అన్నాను. "చర్చంతా కలిసి."

ఇక ఇంటికి పొమ్మంటారనే అనుకున్నాను. ఆవిడ మళ్లీ భూతద్దం పట్టుకుని, ఆ కిరాణా సరుకులోంచి మూడు ముక్కలు ఏరి పక్కన పెట్టారు. మేం ఆరు నెలలు వెతికిన జాతే! మేడం నన్ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకు వెళ్లారు. "ఇది ఇంకా ఉందా?" అని అడిగితే కొట్టాయన, "ఫికర్ జేయకు మేడం, బస్తాలకు బస్తాలున్నది" అన్నాడు.

నా ఉద్యోగం నిలిచింది. అడవిలో దొరకని జాతి దొరికిందని ఆ సాయంత్రం ఆఫీసంతా లడ్డూలు పంచాను. మేడం ఒక్కరే తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఆ లడ్డూల కుర్రాడికి అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. వాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. బస్తాల్లో అంత ఉందంటే అడవిలో ఇంకేం మిగిలి ఉంటుందని ఒక్కసారైనా అడగలేదు వెర్రివెధవ.