మానకూడని గాయం

చెవులు కుట్టడానికి ఆ కంసాలి చెయ్యి పడిందంటే, పిల్లలు ఏడుద్దామని నోరు తెరిచేలోగా పని అయిపోయేది. తర్వాత తల్లులకు ఒకటే మాట చెప్పేవాడు. "తీగ తియ్యకండమ్మా. కండ ఊరుకోదు. రెండ్రోజులు ఖాళీగా వదిలితే కన్నం పూడ్చేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది." ముప్పయ్యేళ్లు ఈ మాట చెప్పినవాడు తన కంటి దగ్గరికొచ్చేసరికి దాన్నెలా మరిచాడో రాద్దామని కూర్చున్నాను.

అతని కొట్టు మీది గదిలో నేనొక ఏడాది అద్దెకున్నాను. నాలా ఊళ్లు తిరిగేవాడికి కింద ఎవరో పని చేసుకుంటున్న చప్పుడు చాలా ధైర్యం. ఊదుగొట్టం ఉఫ్ఫుమనడం, చిన్న సుత్తి టకటక, మధ్యలో బావమరిదితో మాటల యుద్ధం. ఆ బావమరిది బడిలో లైబ్రరీ గుమాస్తా. అచ్చులో ఉన్నదల్లా నిజమనుకునే జాతి. నేనూ ఆ జాతివాణ్ణే కాబట్టి అతన్ని ఏమీ అనలేను.

కంసాలి ఎడమ కన్ను అప్పటికే పోయింది. గ్లకోమా, పాతవాళ్లు నీటికాసులనేవారు. కంట్లో ఊరే నీరు బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది, చూపు అంచుల నుంచి తరిగిపోతుంది. నొప్పి ఉండదు. ఎడమ పక్కన పెట్టిన పట్టకారు రోజూ మాయమవుతుంటే అతను ఆర్నెల్లు బావమరిదిని అనుమానించాడు.

"దొంగని ఇంట్లో పెట్టుకుని కాపురం చేస్తున్నానే," అనేవాడు భార్యతో.

"నీ పట్టకారుతో నేనేం చేసుకోను బావా, ముక్కు గిల్లుకోనా?" అనేవాడు బావమరిది.

కుడి కన్ను కూడా అదే దారి పట్టింది. మందులకు లొంగలేదు. కంటాసుపత్రి డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, పై రెప్ప చాటున తెల్లగుడ్డుకి సన్నని దారి తీసింది. నీరు అందులోంచి చెమ్మలా ఊరి, పైపొర కింద పెసరగింజంత బుడగలా నిలుస్తుంది. "రెండు గంటలకోసారి ఈ చుక్కలు. ఆపకండి," అంది. ఎందుకో చెప్పలేదు. బయట నలభైమంది కూర్చుని ఉన్నారు.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం బావమరిది మందు పెట్టెలో మడతలు పెట్టిన కాగితం విప్పాడు. చీమ తలకాయంత అక్షరాలు. వేలు పెట్టి పైకి చదివాడు.

"అక్కా, ఇది విన్నావా? 'ఈ మందు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చు.' అచ్చేసి మరీ చెప్తున్నారు!"

ఆవిడ చేతిలో సీసా అలాగే ఆగిపోయింది. "అంటే రోజూ మనమే మాననివ్వట్లేదా? అందుకేనేమో ఆ వాపు తగ్గట్లేదు!"

"ఆపి చూద్దాం," అన్నాడు కంసాలి. "ఒక్క కన్నే. పచ్చిపుండుతో ఎన్నాళ్లు?"

ఆపేశారు. కన్ను ఎర్రబడింది. కొత్త నెత్తురు పడుతోంది, మానుతోందన్నమాట, అనుకున్నారు. పదో రోజుకి రెప్ప కింద బుడగ చదునైంది. ఆవిడ గబగబా మెట్లెక్కొచ్చి నాకు చెప్పింది. "వాపు తీసేసిందండీ!" నేనూ సంతోషించాను. ఎన్ని పుస్తకాలు చదివి ఏం లాభం?

పన్నెండో రోజు డాక్టరమ్మ రెప్ప ఎత్తి చూసింది.

"చుక్కలు ఎవరు ఆపమన్నారు?"

బావమరిది జేబులోంచి కాగితం తీసి చూపించాడు. ఆమె అందుకోలేదు.

"నాకు కావాల్సిందే అది. ఈ గాయం మానకూడదు. ఒంట్లో కాపలా కణాలుంటాయి. గీటు పడితే చాలు, పరిగెత్తుకొస్తాయి. ఇది సూక్ష్మజీవి పనా, నా కత్తి పనా అని అడగవు. చోటంతా ఎర్రజేసి, మచ్చ కట్టే కణాలను కేకేస్తాయి. అవి నారలు పేని పూడ్చేస్తాయి. ఆ కాపలాని పడుకోబెట్టడానికే చుక్కలు. మీరు లేపి కూర్చోబెట్టారు."

"అంటే మన ఒళ్లే మనకి పగదా అమ్మా?" అంది భార్య.

"పగ కాదమ్మా. మంచి పనే, కూడని చోట చేస్తోంది. జబ్బుపడ్డ కాలేయాన్నీ ఊపిరితిత్తుల్నీ గట్టిపరిచేసేది ఎక్కువగా ఈ మంచితనమే."

పాత ఓడ ప్రయాణాల పుస్తకాల్లో ఒక సంగతి ఉంటుంది. నెలల తరబడి కాయా పండూ దొరకని నావికులకు ఏళ్ల కిందట మానిన గాయాలు మళ్లీ తెరుచుకునేవట. మచ్చ అంటే అయిపోయిన పని కాదు, ఒళ్లు దాన్ని రోజూ కడుతూనే ఉంటుందన్నమాట. ఇది చెప్తే కంసాలి గోడవైపు తిరిగి, "అయితే నేను తిండి మానేస్తే తెరుచుకుంటుందా?" అన్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను. రెండు పూటలు నిజంగానే తినలేదు.

సూదితో మచ్చని చీల్చి, పక్కన ఇంజెక్షన్ ఇచ్చారు. బుడగ లేచింది; అయిదు రోజులకి కూర్చుంది. మళ్లీ పొడిచారు. ఇప్పుడు చుక్కలు బావమరిదే వేసేవాడు. బడికి సెలవు పెట్టి, గడియారం ఎదురుగా పెట్టుకుని. కంసాలి తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

రోజూ పొద్దున్నే భార్య రెప్ప ఎత్తి చూసేది.

"ఉందా?"

"ఉందండీ."

"ఎంతుంది?"

"పెసరగింజంత. నిక్షేపంలా ఉంది! డాక్టరమ్మ చెప్పినంతా ఉంది!"

ఆ రోజు బావమరిది నేల చూపులు చూస్తున్నాడు. అక్కడ చదునైన ఎర్రటి కండ తప్ప ఏమీ లేదని నేను నిలబడ్డ చోటికే తెలుస్తోంది.

"చెప్పులు తియ్యరా," అన్నాడు కంసాలి. "ఇవాళే పోదాం. ఉన్నదాన్ని ఉందని ఇంత గట్టిగా ఎవరూ చెప్పరే."

మూడో సూదీ నిలవలేదు. పక్కన కోసి నీరు పోవడానికి గొట్టం పెట్టడం ఒకటి మిగిలింది. డాక్టరమ్మ తేదీ ఇచ్చింది, మాట ఇవ్వలేదు. దాని చుట్టూ కూడా ఆ నారలే పేనుకుంటాయట. పోయిన చూపు ఎలాగూ తిరిగిరాదు.

నేను గది ఖాళీ చేసేనాటికి అతనికి మిగిలింది తాళంచెవి రంధ్రమంత చూపు. కుంపటి చల్లబడి ఉంది. భార్యని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టుకుని, మెడ అటూ ఇటూ తిప్పి, ఎట్టకేలకు ఆమె ముఖాన్ని ఆ రంధ్రంలోకి తెచ్చుకున్నాడు. బావమరిది లోపల్నుంచి "టైమైంది" అన్నాడు. ఆమె సీసా కోసం లేవబోయింది.

"కదలకే," అన్నాడు. "మళ్లీ మొదట్నుంచీ వెతుక్కోవాలి."