కంప్యూటర్‌కు తెలియని తమ్ముడు

మొన్న మోకాళ్ల నొప్పికని దవాఖానకు వెళితే, డాక్టరమ్మ కంప్యూటర్‌లో మందు పేరు కొట్టగానే తెర మీద ఎర్ర అక్షరాలొచ్చాయి, నా బీపీ గోలీలకూ దానికీ పొసగదట. ఆమె మందు మార్చింది. నాకు మాత్రం గోదావరిఖనిలో, బొగ్గుబాయి కార్మికుల దవాఖానలో తెల్లచీర కట్టి నర్సుగా డ్యూటీ చేసిన రోజులు గుర్తొచ్చి, ఎవరూ అడగకపోయినా గర్వంతో నవ్వొచ్చింది.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. మాకు కొత్తగా కంప్యూటరొచ్చింది. పాత కాగితాలన్నీ అందులోకి ఎక్కించి, ఎవరికి ఏ మందు పడదో ఇక అదే చెబుతుందన్నారు, మేమూ నమ్మాం. ఒకనాడు కాలికి దెబ్బ తగిలి చీము పట్టిన కార్మికుడొకడు వచ్చాడు. డాక్టరు సూదిమందు రాస్తే కంప్యూటర్ అడ్డు చెప్పలేదు సరికదా, ఇదివరకు వేయించుకున్నాడనీ చూపింది. తీరా నేను, ఈ సూది ఎప్పుడన్నా వేయించుకున్నావా అని అడిగితే అతను నేలచూపులు చూశాడు. నాకు అనుమానం వచ్చింది. అన్న పేరు మీద తమ్ముడు, మామ పేరు మీద అల్లుడు నౌకరి చేయడం మా బాయిల దగ్గర అందరికీ తెలిసిన రహస్యమేనని నా ఈడు సిస్టర్లకు వేరే చెప్పాలా!

గుడ్డ తెర చాటుకు తీసుకెళ్లి, “తమ్మీ, ఆ కాగితాలు నీయేనా, మీ అన్నయా?” అన్నాను.

“అక్కా, బయటపడితే నౌకరి పోతది,” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “చిన్నప్పుడు గీ సూదికే ఒళ్లంత దద్దులొచ్చి, ఊపిరాడక సచ్చి బతికిన.”

“పానమే పోతే నౌకరి ఎవలు చేస్తరు?” అని కసిరాను గానీ, ఆ రహస్యం నా దగ్గరే ఉంచుకున్నాను. డాక్టరుతో, ఈ మందు ఇతనికి పడదని మాత్రం అన్నాను. కంప్యూటర్‌లో లేదే అన్నాడాయన. లేకపోతే ఎక్కిద్దాం సార్ అని మొండికేశాను. మంచి మనిషి, నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు, మందు మార్చి, ఆ మాట ఎక్కడ ఎక్కించాలో నాకే చూపించాడు. ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టాను.

కొన్నేళ్లకు, రాష్ట్రం వచ్చిన సంబరాల్లో నేను సెలవులో ఉండగా, ఒళ్లు తెలియని జ్వరంతో అదే మనిషిని తెచ్చారట. కొత్త డాక్టరు అదే సూది రాయబోతే తెర మీద ఎర్ర అక్షరాలొచ్చాయట, వేరే మందు ఇస్తే బతికాడట. ఆ మాట ఎక్కించింది నేనేనని తోటి సిస్టరు చెబితే, అతని భార్య మా క్వార్టరుకొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఇప్పటి కంప్యూటర్లు ఎంతో తెలివిమీరాయి, సంతోషమే. మొన్న డాక్టరమ్మ తల ఎత్తకుండానే చీటీ చేతికిచ్చింది, తప్పేమీ చేయలేదు పాపం. కానీ ఆ అన్న పేరు పక్కన ఎర్రగా వెలిగిన తమ్ముడి నిజం ఏ యంత్రమూ కనిపెట్టింది కాదు, అతని నేలచూపుల్లో నాకు దొరికింది. అలా తల దించుకునేవాళ్లు ఇప్పుడూ వస్తూనే ఉంటారు, వాళ్ల మొహాలు ఎవరు చూస్తున్నారో!