చేతికివ్వని పాలు

మా నాయనమ్మ ఆండాలుకు డెబ్బై ఏళ్లు. హుస్సేనీ ఆలంలో మాకు ఆరు బర్రెలున్నాయి. వాటికి ముద్దుపేర్లున్నాయి, నాకు మాత్రం "ఒసే దయ్యమా" ఒక్కటే.

పొద్దున్నే పాలకొచ్చినవాళ్లు ఎవరైనా సరే, గిన్నె గడప ముందు బండ మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరగాలి. ఆమె పాలు పోసి లోపలికి వెళ్లాకే తీసుకోవాలి. ఎవరి చేతికీ ఇవ్వదు. తర్వాత కుడి మణికట్టును ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుతుంది. బస్తీ అంతా దాన్ని మడి అనుకుంది. పాలమ్ముకునే మాకెక్కడి మడి!

"సబ్బు కంపెనీవోళ్లు నీకు దండెయ్యాలె నాయనమ్మా" అనేదాన్ని.

"పదో తరగతి రెండుసార్లు తప్పినవ్, నువ్వు నాకు చెప్తవా?" అనేది.

ఇంకో వింత, ఆమె పాలచుక్క నోట్లో వేసుకోదు. పాలు కాగే వాసనకే బయటికి పోతుంది. దానికీ నవ్వేవాళ్లం.

మొన్న చలికాలంలో మా నాన్న మహేందర్, నేను బాపు అంటాను, ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"అమ్మా, ఎవరొచ్చిన్రో చూడు! మీ తల్లిగారి గల్లీ, కార్వాన్ బాబురావు సార్. గిప్పుడు మన గల్లీల తన బిడ్డ ఇంట్ల ఉంటున్నడు."

అందరం లేచి నిలబడ్డాం. నేను కుర్చీ తుడిచి వేశాను. తెల్లబట్టలు, అత్తరు, మెత్తటి నవ్వు.

"ఆండాలూ, మా ఇంటికి పాలు తెస్తుంటివి, యాదున్నదా?"

నాయనమ్మ కొంగుతో మణికట్టు రుద్దుకుంది.

"రేపటి సంది మా బిడ్డ సోనీ పాలు తెచ్చి మీ చేతికిస్తది సార్" అన్నాడు బాపు.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అచ్చం ఆండాలే."

నాయనమ్మ మోరీ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది. నోరు తుడుచుకుంటూ, "పోరి పోదు" అంది.

"ఏందమ్మా గిట్ల, పెద్దమనిషి ముందల?"

"పెద్దమనిషా? చెంబు అందుకునే సాకుతోని చెయ్యి పట్టి విడువకపోతుండె. గుంజుకుంటే పాలు ఒలుకుతయ్, ఇంట్ల తంతరు. ఇంకో చెయ్యి పైటల పెట్టుకుంట, పాలు చిక్కగున్నయని నవ్వుతుండె. నాకప్పుడు పందొమ్మిదేండ్లు. పెండ్లయి ఇటొచ్చేదాంక, రోజూ."

ముసలాయన నవ్వు చెదరలేదు. నాకు అసహ్యం పుట్టింది అక్కడే.

"యాభై ఏండ్ల ముచ్చట. ఏదో మజాక్" అన్నాడు.

బాపు తల దించుకున్నాడు. "నాకెప్పుడన్న చెప్తివా అమ్మా?"

"చెప్తే మాత్రం గీ కుర్చీ ఎయ్యకపోదురా? మా నాయినకు చెప్పిన. నన్నే కొట్టిండు. గీడు పాలు కొనే మంచి గిరాకట."

"లేవుండ్రి సార్" అన్నాడు బాపు.

ఆయన లేవలేదు. మోకాళ్లు నొప్పట, కాస్త చాయ్ తాగి పోతాడట. చాయ్! నేను కుర్చీ వెనక కాళ్లు పట్టి పైకెత్తాను. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"మోకాళ్లు మంచిగనే ఉన్నయ్ తాతా, నడువ్" అన్నాను.

దాంతో నాయనమ్మ బాగైపోయిందని రాస్తే అబద్ధం. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన ఉండే ఇంటి వైపు కిటికీ మూసే ఉంచమంటోంది. గల్లీలో ఆయనకు జనం ఇప్పటికీ "నమస్తే సార్" అంటారు. ఎదురుపడితే నేను ఆయన చెప్పుల ముందు ఉమ్ముతాను. పక్కనే ఉన్నా బాపు నన్నేమీ అనడు.